గీకుడు మసాజ్‌తో కండరాలు నిజంగా కోలుకుంటాయా?

స్టీలు పలకతో పిక్కల మీద, తొడల మీద గట్టిగా గీకే వీడియోలు ఇప్పుడు ఆటలాడే ప్రతి ఒక్కరి ఫోన్లోనూ కనిపిస్తున్నాయి. గీకిన చోట చర్మం ఎర్రగా కందుతుంది, కాసేపటికి చారలు తేలతాయి. "పేరుకున్న లాక్టిక్ యాసిడ్ బయటికి పోతోంది", "గట్టిపడ్డ కండరం విడిపోతోంది", "టాక్సిన్లు వెళ్లిపోతున్నాయి" అని వెనకనుంచి వ్యాఖ్యానం నడుస్తుంటుంది. హైదరాబాద్, విజయవాడ లాంటి ఊళ్లలో ఫిజియోథెరపీ క్లినిక్‌లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. జిమ్‌లలోనూ రన్నింగ్ గ్రూపుల్లోనూ ఆన్‌లైన్లో కొన్న పలకలు చేతులు మారుతున్నాయి.

చేయించుకున్నవాళ్లు హాయిగా ఉందనే అంటారు. ఆ మాట నిజమే. కానీ ఆ హాయికి చెప్పే కారణాల్లో చాలావరకు తప్పు. కారణం తప్పుగా అర్థమైతే ఎంత గట్టిగా గీకాలన్నదీ, ఎప్పుడు అసలు గీకకూడదన్నదీ రెండూ తప్పుతాయి. ముఖ్యంగా పదిహేను, పదహారేళ్ల పిల్లల కాళ్లు కమిలిపోయేదాకా గీకి, అదే మంచి వైద్యమని నమ్మించడం చూస్తే బాధేస్తుంది. అందుకే దీన్ని కాస్త ఓపిగ్గా విప్పి చూద్దాం.

గీకుడు మసాజ్ పుట్టిల్లు చైనా. అక్కడ దీన్ని గువా షా అంటారు. మొదట్లో ఇది ఆటగాళ్ల కోసం పుట్టింది కాదు. జ్వరం, ఒళ్లు నొప్పులు, మెడ పట్టేయడం లాంటివి వచ్చినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు వీపుకు నూనె రాసి పింగాణీ చెంచా అంచుతోనో, గేదె కొమ్ముతో చేసిన పలకతోనో, నాణెంతోనో ఒకే దిశలో గీకేవారు. వియత్నాంలో, ఇండోనేషియాలో కూడా ఇలాంటి ఇంటివైద్యమే ఉంది. ఇండోనేషియాలో దాన్ని కెరోకాన్ అంటారు. ఎర్రటి చుక్కలు తేలితే లోపలి చెడు బయటికి వచ్చిందని లెక్క. వియత్నాం యుద్ధం తర్వాత అమెరికా చేరిన శరణార్థుల పిల్లల వీపుల మీద ఈ చారలు చూసి అక్కడి డాక్టర్లు తల్లిదండ్రులు కొడుతున్నారేమో అనుకున్నారు. అవి దెబ్బలు కావని వివరిస్తూ 1976లోనే ఒక పిల్లల వైద్య పత్రికలో వ్యాసం రావాల్సి వచ్చింది.

ఆటల్లోకి వచ్చిన గీకుడుకు మాత్రం వేరే కథ ఉంది. 1987లో డేవిడ్ గ్రాస్టన్ అనే అమెరికన్ వాటర్ స్కీయింగ్ చేస్తూ మోకాలికి గాయం చేసుకున్నాడు. ఆపరేషన్, వ్యాయామాలు అయ్యాక కూడా మోకాలు పూర్తిగా వంగలేదు. లోహపు పని తెలిసినవాడు కాబట్టి తన మోకాలి కోసం తనే పనిముట్లు తయారుచేసుకున్నాడు. అవి 1990ల్లో గ్రాస్టన్ టెక్నిక్ అనే పేరుతో వ్యాపారమయ్యాయి. తర్వాత ఇలాంటి పద్ధతులు చాలా వచ్చాయి. ఫిజియోలు వీటన్నిటినీ కలిపి ఐఏఎస్‌టీఎం అంటారు. అంటే పనిముట్టు సాయంతో చర్మం కింది మెత్తని కణజాలాన్ని కదిలించడం.

బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి కానీ గురి వేరు. గువా షా చేసేవారికి ఎర్రటి చుక్కలు తేలడం అవసరం. ఐఏఎస్‌టీఎం చేసే ఫిజియోకి ఆ చుక్కలు అక్కర్లేదు. అతను పలక కింద బిగుసుకున్న చోటు వెతుక్కుని, అక్కడ కొద్దిసేపు పని చేసి, వెంటనే ఆ కీలు కదిలించమంటాడు. ఎర్రదనం రావచ్చు, రాకపోవచ్చు. సోషల్ మీడియాలో ఈ రెండూ కలిసిపోయి, స్టీలు పలకతో ఫిజియో చేసే పనికి చుక్కలు తేలాలనే గువా షా కొలమానం వచ్చి చేరింది. ఎంత ఎర్రబడితే అంత బాగా చేసినట్టు అనే నమ్మకం అక్కడినుంచే వచ్చింది.

ఇంతకీ ఆ చుక్కలేమిటి? చర్మం కింద ఉండే అతి సన్నని రక్తనాళాలు ఒత్తిడికి చిట్లి, రక్తం చుట్టుపక్కల కణజాలంలోకి కొద్దిగా కారుతుంది. అంతే. అందులో టాక్సిన్ ఏదీ లేదు. శరీరం ఆ రక్తాన్ని విరగ్గొట్టి పీల్చుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది, మచ్చ మాయమవుతుంది. 2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద ప్రపంచమంతా చూసిన గుండ్రటి మచ్చలూ ఈ కోవలోవే. అక్కడ గీకడానికి బదులు కప్పుతో చర్మాన్ని పైకి పీల్చారు.

మన చర్మపు రంగుతో ఇక్కడ ఒక చిక్కుంది, దాన్ని ఎవరూ చెప్పరు. వీడియోల్లో చాలావరకు తెల్లటి ఒళ్లు ఉన్నవాళ్లే కనిపిస్తారు. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎర్రదనం అంత తొందరగా కంటికి ఆనదు. "ఇంకా రాలేదు" అని మరో నాలుగు సార్లు గట్టిగా గీకితే లోపల దెబ్బ మాత్రం తగులుతూనే ఉంటుంది. పైగా ముదురు రంగు చర్మం రాపిడికి గురైన చోట నల్లబడి, ఆ నలుపు వారాలు, నెలలు ఉండిపోవచ్చు. కాబట్టి మన వరకు రంగు చూసి ఆపడం కుదరదు. చేయించుకుంటున్నవారికి ఎలా అనిపిస్తోందో అడుగుతూ చేయాలి.

ఇక కండరం సంగతి. కొత్త వ్యాయామమో, మామూలు కంటే ఎక్కువ పరుగో చేసిన రోజు పెద్దగా ఏమీ తెలియదు. మర్నాడు మొదలై, 24 నుంచి 72 గంటల మధ్య నొప్పి పతాక స్థాయికి చేరుతుంది. కండరం బరువును ఆపుతూ సాగే కదలికలు దీనికి ముఖ్య కారణం. మెట్లు దిగడం, వాలులో కిందికి పరుగెత్తడం, బరువును మెల్లగా దించడం లాంటివన్నమాట. హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్లు ఎక్కేటప్పుడు ఊపిరి అందదు నిజమే, కానీ తర్వాతి రెండు రోజులు తొడలను బాధపెట్టేది ఆ ఫ్లైఓవర్లు దిగిన పరుగు. కండరపు పోగుల్లో సూక్ష్మమైన దెబ్బలు తగులుతాయి, వాపు ప్రక్రియ మొదలవుతుంది, అక్కడి నరాలు మామూలు కంటే సున్నితంగా మారతాయి. ఆ నొప్పి వచ్చేది వీటివల్లే.

ఇందులో లాక్టిక్ యాసిడ్ పాత్ర లేదు. పరుగులో పెరిగిన లాక్టేట్ (ఒంట్లో లాక్టిక్ యాసిడ్ ఉండే రూపం) ఆట ఆపిన గంట, గంటన్నరలోపే మామూలు స్థాయికి వచ్చేస్తుంది. దాన్ని గుండె, కాలేయం, కండరాలే ఇంధనంగా వాడేసుకుంటాయి. రెండో రోజు నొప్పికి లాక్టిక్ యాసిడ్‌ను నిందించడం, దాన్ని గీకి తీసేస్తామనడం, రెండూ లేని శత్రువుతో యుద్ధమే. ఇంకో సంగతి, చేత్తో చేసే మసాజ్ లాక్టేట్‌ను తొందరగా తొలగిస్తుందా అని 2010లో పరీక్షించినప్పుడు ఫలితం తిరగబడింది. ముంజేతి కండరానికి వ్యాయామం తర్వాత మసాజ్ చేస్తే, ఒత్తిన క్షణాల్లో రక్తప్రవాహం తగ్గి, లాక్టేట్ తొలగింపు నెమ్మదించింది.

మరి "రక్తప్రసరణ పెరుగుతుంది" అనే మాట? దీనికి కొంత ఆధారం ఉంది. పరిశోధకురాలు ఆర్యా నీల్సన్ బృందం 2007లో ఆరోగ్యంగా ఉన్న 11 మందికి గువా షా చేసి, లేజర్ డాప్లర్ పరికరంతో చర్మపు రక్తప్రవాహాన్ని కొలిచింది. గీకిన చోట మొదటి ఏడున్నర నిమిషాల్లో ప్రవాహం దాదాపు 4 రెట్లు అయింది, గమనించిన 25 నిమిషాలూ ఎక్కువగానే ఉంది. ఈ "నాలుగు రెట్లు" అన్న అంకె ఇప్పుడు ప్రతి ప్రకటనలోనూ వాడుతున్నారు. కానీ ఆ పరికరం చూసేది పై పొరనే. తొడ లోపలి పెద్ద కండరంలో ఏం జరిగిందో అది చెప్పదు. పైగా కండరాల్లోకి రక్తం రావాలంటే పది నిమిషాల నడక, మెల్లగా సైకిల్ తొక్కడం అంతకంటే ఎన్నో రెట్లు మేలు. పనిచేసే కండరం తనకు కావలసిన రక్తాన్ని తనే తెచ్చుకుంటుంది.

"అతుక్కుపోయిన పొరలు విడిపోతాయి" అన్న మాట ఇంకా బలంగా వినిపిస్తుంది, దానికి కారణం ఎలుకల మీద జరిగిన పరిశోధనలు. 1997లో వచ్చిన ఒక అధ్యయనంలో గాయపరిచిన ఎలుక అకిలీస్ టెండన్‌ను, అంటే పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే తాడు లాంటి దాన్ని, పనిముట్టుతో గట్టిగా ఒత్తి రుద్దితే మరమ్మతు చేసే కణాలు అక్కడ ఎక్కువగా చేరాయి. 2009లో లోగ్మానీ, వార్డెన్ అనే పరిశోధకులు ఎలుకల రెండు మోకాళ్లలోనూ లిగమెంట్‌కు, అంటే ఎముకలను కలిపి పట్టే పట్టీకి, గాయం చేసి, ఒక్క కాలికి మాత్రమే పనిముట్టుతో మసాజ్ చేశారు. నాలుగు వారాలకు ఆ కాలి లిగమెంట్ రెండో దానికంటే 43 శాతం బలంగా ఉంది. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ అదే అధ్యయనంలో 12 వారాలకు చూస్తే రెండు కాళ్ల మధ్య తేడా దాదాపు చెరిగిపోయింది. మసాజ్ మరమ్మతును కొంత ముందుకు జరిపిందే తప్ప, చివరికి వచ్చిన లిగమెంట్ పెద్దగా మెరుగైనదేమీ కాదు. గమనించాల్సింది ఇంకొకటి కూడా ఉంది. ఇవి తెగిన లిగమెంట్లు, దెబ్బతిన్న టెండన్లు. పరుగెత్తి అలసిన ఆరోగ్యకరమైన కండరం కాదు. ఎలుక మోకాలి లిగమెంట్ చర్మం కిందే ఉంటుంది, మనిషి తొడ అలా ఉండదు.

మనిషి తొడ పక్కన ఉండే దట్టమైన ఫేషియా, అంటే కండరాలను చుట్టి ఉండే పొర, ఎంత గట్టిదో 2008లో ఒక బృందం గణిత నమూనాతో లెక్కించింది. ఆ పొరను ఒక్క శాతం నొక్కాలన్నా, పక్కకు జరపాలన్నా మామూలు చేతి వైద్యంలో ఎవరూ వాడనంత బలం కావాలని తేలింది. పాదం అడుగున ఉండే పొర విషయంలోనూ ఇదే లెక్క. అంటే తొడ బయటి పక్కన మోకాలి దాకా ఉండే ఐటీ బ్యాండ్ అనే పట్టీని పలకతో గీకి "వదులు చేయడం" జరిగే పని కాదు. పలక కింద గరగరమని తగిలేది విడిపోతున్న మచ్చ అని చాలామంది నమ్ముతారు. ఆ గరగర వల్ల ఏదో తెగుతోందని చెప్పడానికి ఆధారం లేదు.

మరి గీకిన వెంటనే భుజం ఎక్కువగా తిరుగుతుంది, పిక్క తేలికపడుతుంది. అది భ్రమేమీ కాదు, కొలిచి చూశారు. 2014లో కాలేజీ బేస్‌బాల్ ఆటగాళ్లు 35 మందితో చేసిన పరీక్షలో, భుజం వెనుక భాగానికి ఒక్కసారి ఐఏఎస్‌టీఎం చేయగానే చేయి ఛాతీకి అడ్డంగా వచ్చే కదలిక సుమారు 11 డిగ్రీలు, లోపలికి తిరిగే కదలిక సుమారు 5 డిగ్రీలు పెరిగాయి. నిమిషాల్లో కణజాలం కొత్తగా తయారు కాదు కదా. మారింది నరాల ధోరణి. మోచేయి తలుపుకి తగిలితే వెంటనే గట్టిగా రుద్దుకుంటాం. ఆ స్పర్శ సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలకు అడ్డుపడతాయని 1965లో మెల్‌జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. ఒకచోట కలిగించిన ఓ మోస్తరు నొప్పి, మెదడు ద్వారా మిగతా నొప్పుల తీవ్రతను తగ్గించే ఏర్పాటు కూడా మన ఒంట్లో ఉంది. వీటికి తోడు, మనకు బాగుచేస్తున్నారన్న నమ్మకం, మరొకరి చేతి సంరక్షణ. కండరం ఎంత సాగనివ్వచ్చో నిర్ణయించే నాడీ వ్యవస్థ కాసేపు గట్టిపట్టు సడలిస్తుంది. నా దృష్టిలో గీకుడు మసాజ్ ఇచ్చే అసలు మేలు ఇదే. చిన్నదేమీ కాదు, కానీ తాత్కాలికం.

వైద్య పరిశోధనల సమీక్షలూ ఇటువైపే చూపిస్తున్నాయి. ఐఏఎస్‌టీఎం మీద 2016లో వచ్చిన ఒక సమీక్ష, కదలిక పరిధి కొద్దికాలం పెరుగుతుందనడానికి కొంత ఆధారం ఉందనీ, మిగతా ప్రయోజనాలకు సరిపడా రుజువు లేదనీ చెప్పింది. 2019లో వచ్చిన మరో సమీక్ష ఇంకా కరాఖండిగా, నొప్పికీ కదలికకూ దీన్ని సిఫారసు చేసేంత ఆధారం లేదంది. దీర్ఘకాలిక మెడనొప్పి ఉన్న 48 మందితో జర్మనీలో చేసి 2011లో ప్రచురించిన పరీక్షలో మాత్రం, ఒక్కసారి గువా షా చేయించుకున్నవారికి వారం తర్వాత, వేడి కాపడం పెట్టుకున్నవారి కంటే నొప్పి తక్కువగా ఉంది. కానీ గీకించుకుంటున్నామన్న సంగతి రోగికి తెలియకుండా చేయలేం, అందుకే ఇలాంటి పరీక్షల్లో నమ్మకం పాలు ఎంతో విడదీయడం కష్టం.

మామూలు మసాజ్ మీద ఆధారం ఇంతకంటే ఎక్కువే. 2018లో 99 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలో, వ్యాయామం తర్వాతి కండరాల నొప్పినీ అలసట భావాన్నీ తగ్గించడంలో అన్ని పద్ధతుల కంటే మసాజే ముందు నిలిచింది. 2020లో 29 అధ్యయనాలు, 1012 మంది వివరాలు పరిశీలించిన మరో విశ్లేషణ అసలు తేడా ఎక్కడుందో చెప్పింది. మసాజ్ వల్ల నొప్పి కొంత తగ్గుతుంది, ఒళ్లు కొంత వంగుతుంది, కానీ వేగం, బలం, ఎగరడం, ఓర్పు పెరిగినట్టు రుజువు లేదు. మర్నాటి మ్యాచ్‌కు హాయిగా నడిచి రావడానికి పనికొస్తుంది. గెలవడానికి కావలసిన సత్తువ దీనితో రాదు. ఎర్రబడేదాకా స్టీలుతో గీకడం, నూనె రాసి చేత్తో చేసే మెత్తటి మసాజ్ కంటే మేలని చూపే రుజువు నాకైతే కనబడలేదు.

కాబట్టి వాడాలనుకుంటే ఎలా? గ్రాస్టన్ పద్ధతి నేర్పేవాళ్ల క్రమంలోనే మంచి సూచన ఉంది. ముందు ఒళ్లు వేడెక్కించడం, తర్వాత పనిముట్టు, ఆ వెంటనే సాగదీయడం, ఆపైన బలం పెంచే వ్యాయామం. గీకుడు తెచ్చిన ఆ పది, పదిహేను నిమిషాల సౌకర్యాన్ని కదలడానికి వాడుకోవాలి. పిక్క తేలికపడగానే మంచం మీద పడుకుంటే ఆ వెసులుబాటు వృథా. మెట్టు అంచున నిలబడి మడమలు మెల్లగా పైకి కిందికి కదిలిస్తే కండరానికి కాస్తయినా మేలు మిగులుతుంది.

ఇంట్లో చేసుకునేటప్పుడు కొబ్బరినూనో, నువ్వుల నూనో పలుచగా రాసుకుని, పలకను చర్మానికి 30 నుంచి 60 డిగ్రీల వాలులో పట్టుకుని, మెత్తగా, పొడవుగా లాగితే చాలు. ఒక్కో చోట ఒకటి, రెండు నిమిషాలు. నొప్పిని పదికి కొలిస్తే మూడు దాటకూడదని నేను గట్టిగా చెబుతాను. పలక అంచు గోరుతో తడిమి చూడండి, ఎక్కడైనా గరుకు తగిలితే వాడొద్దు. ఎముక మీద, మోకాలి బయటి పక్క కింద ఉండే బొడిపె వెనుక, మోచేయి లోపలి గాడిలో, మెడ ముందు భాగంలో అసలు గీకవద్దు. ఆ చోట్ల నరాలూ రక్తనాళాలూ చర్మానికి మరీ దగ్గరగా ఉంటాయి. పెద్ద పోటీకి ముందు రోజు కొత్తగా మొదలుపెట్టవద్దు. కమిలిన కాలితో మైదానంలోకి దిగాల్సి వస్తుంది.

జిమ్‌లో ఒకే పలక పదిమందికి వాడటం నాకు అన్నిటికంటే భయం కలిగించే విషయం. చర్మం గీరుకుపోయి కంటికి కనిపించనంత రక్తం అంటుకున్నా హెపటైటిస్ బి లాంటివి ఒకరినుంచి ఒకరికి పాకవచ్చు. ఎవరి పలక వారికే ఉండాలి. కొమ్ము, చెక్క పనిముట్లను సరిగా శుద్ధి చేయడం కష్టం. స్టీలుదైతే సబ్బుతో కడిగి, క్రిమిసంహారకంలో ఉంచి వాడవచ్చు.

ఎప్పుడు చేయకూడదన్నది ఇంకా ముఖ్యం. కబడ్డీలో తొడకు మోకాలి దెబ్బ గట్టిగా తగిలి లోపల రక్తం గడ్డకట్టినప్పుడు, "రుద్దితే కరిగిపోతుంది" అని మొదటి రెండు, మూడు రోజుల్లోనే గట్టిగా గీకడం, మర్దన చేయడం చాలాచోట్ల అలవాటు. అలా చేస్తే రక్తస్రావం పెరుగుతుంది, కొన్నిసార్లు ఆ కండరంలో ఎముక లాంటి గట్టి పదార్థం తయారై నెలల తరబడి ఆట ఆగిపోతుంది. పరుగెత్తేవారికి కాలి ముందు ఎముక దగ్గర వచ్చే నొప్పి కూడా ఇంతే ప్రమాదకరం. అందరూ దాన్ని కండరం పట్టేసిందనుకుంటారు. నొప్పి వేలితో చూపించగలిగేంత చిన్న చోట ఉండి, పరుగు మొదలుపెట్టగానే పెరిగి, రాత్రి పడుకున్నా బాధిస్తుంటే ఎముకలో సన్నని పగులు ఉండవచ్చు. దాని మీద గీకితే కాసేపు నొప్పి మొద్దుబారుతుంది, పిల్లవాడు మళ్లీ పరుగెత్తుతాడు, పగులు పెద్దదవుతుంది. ఈ పద్ధతి నొప్పిని తగ్గించగలదన్న నిజమే దీని ప్రమాదం కూడా. కోచ్‌లు దయచేసి ఇది గుర్తుంచుకోవాలి. నొప్పి తగ్గినంత మాత్రాన గాయం మానినట్టు కాదు.

రక్తం పలుచబడే మందులు వాడేవారు, తరచూ కమిలిపోయే ఒళ్లు ఉన్నవారు, పాదాల్లో స్పర్శ తగ్గిన షుగర్ పేషెంట్లు, ఉబ్బిన సిరలు ఉన్నవారు దీని జోలికి వెళ్లకూడదు. చర్మవ్యాధి ఉన్న చోటా గీకకూడదు. మన రాష్ట్రాల్లో వర్షాకాలం వస్తే డెంగీ ఉంటుంది. డెంగీలో ఒళ్లు విరిచినట్టు నొప్పులు ఉంటాయి, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. జ్వరంతో వచ్చిన ఒళ్లు నొప్పులను ప్రాక్టీసు అలసట అనుకుని గీకితే చర్మం కింద రక్తస్రావం కావచ్చు. జ్వరం ఉన్నప్పుడు, తగ్గిన కొత్తలో కూడా పలకను పక్కన పెట్టి ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి.

రాత్రంతా బస్సులోనో రైల్లోనో కూర్చుని ప్రయాణం చేసి వచ్చాక ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అది రక్తనాళంలో గడ్డ కావచ్చు. దాన్ని రుద్దడం, గీకడం ప్రాణాపాయం. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. విపరీతమైన వ్యాయామం తర్వాత కండరాలు వాచి, మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారితే కండరాలు కరిగి మూత్రపిండాల మీద భారం పడుతోందని అర్థం. ఈ రెండు సందర్భాల్లోనూ మసాజ్, నొప్పి మాత్రలు, "రేపు చూద్దాం" అనుకోవడం ఏవీ పనికిరావు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.